బోర్లించిన గ్లాసు

కండక్టరమ్మను పోయిన వారం సమాఖ్య ఆఫీసు మెట్ల మీద, మోకాలు పట్టుకుని ఊపిరి తీసుకుంటున్న చోట వదిలేశాం. ఆవిడ పైకెక్కేలోగా, కొత్తగా చేరిన పాఠకుల కోసం జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను.

ఆసుపత్రి దుప్పట్లూ హోటళ్ళ తువ్వాళ్ళూ ఉతికే పెద్ద లాండ్రీ ఒకటుంది. అక్కడ దుప్పట్లని వేడి రోలర్ల మధ్య దూర్చి ఇస్త్రీ చేసే యంత్రానికి, చేతులు లోపలికి పోకుండా అడ్డంగా ఒక ఇనుప కమ్మీ ఉండేది. పని నత్తనడక నడుస్తోందని యజమాని ఆ కమ్మీ ఊడదీయించాడు. అలా చేస్తే ఏమవుతుందో ఆయనకి తప్ప అందరికీ తెలుసు, అదే అయింది. ఒకామె చెయ్యి మణికట్టు దాకా కాలింది. ఆడవాళ్ళంతా పని ఆపేసి గేటు బయటికొచ్చి కూర్చున్నారు. కమ్మీ మళ్ళీ బిగించేదాకా లోపలికి వచ్చేది లేదని ముందు నోరు తెరిచిన మనిషి కండక్టరమ్మ మరదలు, సొంత తమ్ముడి భార్య. దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గరే వయసంతా గడిపింది గనక అందరూ ఆమెని మడతలక్క అంటారు. యజమాని ఆమెనీ, ఆమెతో గొంతు కలిపినవాళ్ళనీ పనిలోంచి తీసేశాడు. బయటి మనుషుల్ని తెచ్చుకున్నానని, రేపు పొద్దున్నే వ్యాన్లు లోపలికి వస్తాయని గేటు మీద బోర్డు కట్టించాడు.

వ్యాన్లు ఆగితే సమ్మె గెలిచినట్టే. మాసిన బట్ట లోపలికి రాకపోతే బయటి మనుషులు వచ్చి ఏం ఉతుకుతారు? కానీ లాండ్రీ వ్యాను డ్రైవర్లు తమంతట తాము ఆపడానికి లేదు. సంఘాలన్నీ కలిసిన సమాఖ్య మద్దతు తీర్మానం చేస్తేనే, ఆ గేటు ముందు బండి ఆపిన డ్రైవరు ఉద్యోగం జోలికి ఎవరూ రాకూడదని వాళ్ళ ఒప్పందం. తీర్మానం లేకుండా ఆపితే ఇంటిదారి పట్టాల్సిందే. ఆ డ్రైవర్లలో ఒకడు మడతలక్క మొగుడు, మన కండక్టరమ్మ తమ్ముడు. తీర్మానం అయితే రేపు ఆలుమగలిద్దరూ గేటుకి ఒకే వైపున ఉంటారు. కాకపోతే ఆమె కూర్చున్న చోటి నుంచే అతను బండి లోపలికి తోలాలి.

ఇదీ సంగతి. కండక్టరమ్మ పైకొచ్చింది, మనమూ లోపలికి పోదాం.

సమాఖ్య ఆఫీసు అంటే సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద ఒక పొడుగాటి గది. కింద ట్యూబుల్లో గాలి కొడుతుంటే పైన ఉపన్యాసం ఆగి ఆగి సాగుతుంది. ఏ సంఘం కుర్చీ ఆ సంఘమే తెచ్చుకుంది, అందుకని ఒక కుర్చీకీ ఇంకో కుర్చీకీ పోలిక ఉండదు. బడి టీచర్ల కుర్చీకి రాసుకునే పలక ఉంది, బస్సు వాళ్ళది ఏదో పాత బస్సులోంచి ఊడదీసిన సీటు. ప్రతి సంఘానికీ బల్ల మీద ఒక స్టీలు గ్లాసు. కండక్టరమ్మ కార్యదర్శి అన్నమాటే గానీ ఆవిడకి ఓటు లేదు. కుర్చీలు సర్దడం, మనుషుల కోపాలు సర్దడం ఆవిడ పని, రెండోదానికే ఎక్కువ టైము పడుతుంది.

ఆ సాయంత్రం మాత్రం సర్దడానికి ఏ కోపమూ లేదు. అందరూ ఒక్క మాట మీదున్నారు. బేకరీ ప్రతినిధి లేచి, "మా వాళ్ళు తెల్లవారుజామున పని దిగి నేరుగా గేటు దగ్గరికే వస్తారు, నిద్ర తర్వాత పోతారు," అన్నాడు. ఏ సభలోనైనా అందరికన్నా ముందు కునుకు తీసే మనిషి ఆయనే గనక, అందరూ మనసారా నవ్వారు. డ్రైవర్ల ప్రతినిధి కుర్చీలోంచి లేవకుండానే, "మీరు తీర్మానం చెయ్యండి చాలు. ఒక్క చక్రం గేటు దాటితే నన్నడగండి," అన్నాడు.

గోడ పక్కన నిలబడ్డ మడతలక్క చెప్పాల్సింది చెప్పింది. గొప్ప మాటలేం లేవు. "ఆ పిల్ల చెయ్యి కాలినప్పుడు మిషను ఆపడానికి స్విచ్చు అవతలి పక్కనుంది. నేను చుట్టూ తిరిగి పరిగెత్తాను. ఆ పరిగెత్తినంత సేపూ అది అరుస్తూనే ఉంది. కమ్మీ కావాలి, అంతే. ఇంకేం అడగట్లేదు." కింద గాలి పంపు ఆగింది.

అధ్యక్షుడు మాస్టారు. బడి టీచర్ల సంఘం మనిషి, హాజరు పిలిచినట్టే సంఘాల పేర్లు పిలుస్తాడు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "అభ్యంతరాలు లేవనుకుంటాను, ఓటింగుకి వెళదాం," అన్నాడు.

అప్పుడు బాయిలర్ పనివాళ్ళ సంఘం ప్రతినిధి, అందరూ బాయిలర్ పెద్దాయన అనే ముసలాయన, తన గ్లాసులో నీళ్ళు తాగాడు. తొందర లేకుండా, అడుగుదాకా తాగి, గ్లాసుని బల్ల మీద బోర్లించాడు.

ఆ గ్లాసు సంగతి మీకు చెప్పాలి, లేకపోతే మాస్టారి మొహం ఎందుకు పాలిపోయిందో అర్థం కాదు. సమాఖ్యలో పెద్ద సంఘాలు, చిన్న సంఘాలు ఉన్నాయి. పెద్దవి చేతులెత్తితే చిన్నవి కొట్టుకుపోయే రోజులు ఒకప్పుడు ఉండేవి. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. తీర్మానం ఏ పనిచోటు గురించో, ఆ పనిచోట తన మనుషులున్న ఏ సంఘమైనా సరే, గ్లాసు బోర్లిస్తే ఆ విషయం వచ్చే సభ దాకా కదలదు. ఎందుకు బోర్లించావని అడగకూడదు. సభలోనే కాదు, బయట కూడా అడగకూడదు. అడిగితే పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని బెదిరించో బతిమాలో మాట మార్పిస్తారని ఆ జాగ్రత్త. లాండ్రీ బాయిలర్ దగ్గర పెద్దాయన సంఘం మనుషులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. కానీ ఉన్నారు, అది చాలు.

వచ్చే సభ వచ్చే వారం. వ్యాన్లు రేపు పొద్దున.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "విషయం ఆగింది," అన్నాడు. ఆ రెండు మాటలు బయటికి రావడానికి ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఆగడమేంటి?" అంది మడతలక్క. ఆమె బల్ల దాకా వచ్చి పెద్దాయన ఎదురుగా నిలబడింది. "ఎందుకు పెద్దాయనా? మేం నీకేం చేశాం?"

పెద్దాయన తల వంచుకుని తన చేతుల వైపు చూసుకున్నాడు. మాస్టారే మధ్యలోకి వచ్చి, "అమ్మా, అది అడక్కూడదు," అన్నాడు.

"ఆడదాని చెయ్యి కాలితే ఎందుకని అడక్కూడదా?"

అందరూ మంచివాళ్ళే, అందరూ ఆమె పక్షమే, ఒక్కరి చెయ్యి కూడా లేచే దారి లేదు. డ్రైవర్ల ప్రతినిధి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దాన్ని తిప్పుతూ కూర్చున్నాడు. బేకరీ ఆయన కళ్ళు ఆ రోజు మాత్రం మూతపడలేదు. మడతలక్క వదిన వైపు తిరిగింది.

"వదినా, నువ్వైనా చెప్పు."

కండక్టరమ్మ ఏం చెబుతుంది? బస్సుల్లో టికెట్ మిషన్లు వచ్చి కండక్టర్లని ఒక్క పెట్టున ఇంటికి పంపిస్తామంటే సమాఖ్య సరేననబోయినప్పుడు, బస్సు సంఘం తరఫున ఇదే బల్ల మీద ఇదే విధంగా గ్లాసు బోర్లించింది తనే. ఆ ఒక్క వారం గడువు దొరకబట్టే సగం మందికైనా వేరే పనులు దక్కాయి. అప్పుడు కూడా తనని ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ కట్టుబాటు ఆరోజు తన పొట్ట నిలబెట్టింది, ఈరోజు తన మరదలి పొట్ట కొడుతోంది. రెండూ ఒకే కట్టుబాటు.

"ఇంటికెళ్ళు, నేను వస్తాను," అని మాత్రం అనగలిగింది. మడతలక్క ఆవిడని ఒక్క చూపు చూసి మెట్లు దిగిపోయింది. ఆ చూపు కన్నా రెండు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది కండక్టరమ్మకి.

సభ ముగిసి అందరూ వెళ్ళాక పెద్దాయన మెల్లగా గోడ పట్టుకుని దిగుతున్నాడు. కండక్టరమ్మ వెనకాలే దిగి, మెట్ల మలుపులో ఆయన్ని ఆపింది. కార్యదర్శి అయ్యుండి తానే కట్టుబాటు తప్పుతోంది, ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

"మీ వాళ్ళకి ఇష్టం లేదా పెద్దాయనా?"

"అడక్కూడదు తల్లీ."

"అడుగుతున్నాను. రేపు ఏం జరిగినా నేను మొహం చూపించుకోవాలి కదా."

పెద్దాయన అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. బాయిలర్ సెగకి కమిలిన మొహం ఆయనది, అందులో ఏ రంగు మారినా కనబడదు. "మా కుర్రాళ్ళందరూ సమ్మెకే సరేనన్నారు," అన్నాడు. "గ్లాసు నా కోసం బోర్లించలేదు, మా వాళ్ళ కోసమూ కాదు. ఒక మనిషి వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. అంత మనిషి అలా ఏడుస్తుంటే కాదనలేకపోయాను."

"ఎవరు?"

"నీ తమ్ముడు."

"కారణం నా నోటితో రాకూడదు, వాణ్ణే అడుగు," అని పెద్దాయన లేచి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ దిగిపోయాడు.

వ్యాన్ల షెడ్డు అక్కడికి దగ్గరే. దీపాలు పెట్టే వేళయింది. తమ్ముడు తన బండి పక్కన బకెట్ పెట్టుకుని, ముందు అద్దం తుడుస్తున్నాడు. కుడి వైపు మెరిసిపోతోంది. ఎడమ వైపు మట్టి మరకలు అలాగే ఉన్నాయి. అది చూసినప్పుడు ఆవిడకి ఏమీ తట్టలేదు.

"ఏరా, పెళ్ళాం రోడ్డు మీద కూర్చుంటే దాని వెనక గొయ్యి తవ్వడానికి నీకు మనసెలా వచ్చింది?"

అతను గుడ్డ పిండి బకెట్ అంచు మీద వేశాడు. దబాయించలేదు. దబాయిస్తాడేమో, ఇంకో నాలుగు దులుపుదామని దారి పొడుగునా సిద్ధపడి వచ్చింది ఆవిడ.

"పెద్దాయన చెప్పాడా?"

"నువ్వేనన్నాడు. ఎందుకో చెప్పలేదు."

"చెప్పకపోవడం ఆయన మంచితనం." తమ్ముడు ఫుట్‌బోర్డు మీద కూర్చున్నాడు. "ఇటు రా అక్కా. ఈ పక్కకి. ఆ... అక్కడే నిలబడు. చెయ్యి పైకెత్తు."

ఆవిడ అతని ఎడమ పక్కన నిలబడి చెయ్యెత్తింది. అతను తిన్నగా ఎదురుగా గోడవైపు చూస్తున్నాడు.

"ఎత్తావా?"

"ఎత్తాను కదరా."

"నాకు కనబడట్లేదు."

ఆవిడ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఎడమ కన్ను పోయింది అక్కా. లోపల నరం ఎండిపోయిందట, బాగయ్యేది కాదు. తల తిప్పుకుంటూ నెట్టుకొస్తున్నాను. కిందటి పరీక్షలో కంపెనీ డాక్టరు పట్టేశాడు. యజమాని ఆయన నోరు నొక్కేసి, 'పోనీలే, నువ్వు పాతవాడివి, తోలుకో,' అన్నాడు. దేవుడిలాంటి వాడనుకున్నాను. మొన్న సమ్మె మొదలవ్వగానే పిలిచి కాఫీ ఇప్పించి, 'కళ్ళ పరీక్షకి మళ్ళీ ఎప్పుడెళదాం?' అన్నాడు. అంతే, ఇంకో మాట అనలేదు."

"తీర్మానం ఉంటే నిన్ను తియ్యలేడు కదరా."

"బండి ఆపినందుకు తియ్యలేడు. కన్ను లేనందుకు తియ్యొచ్చు. అది ఏ ఒప్పందంలో ఉంది? లైసెన్సే పోతుంది, ఇంకెక్కడా స్టీరింగు ముట్టుకోలేను. దాని ఉద్యోగం ఎలాగూ పోయింది. నాదీ పోతే పిల్లలకి ఏం పెట్టాలి?" అతను మోకాళ్ళ మధ్య చేతులు దూర్చుకున్నాడు. "తీర్మానం లేకపోతే కనీసం దానికి చెప్పుకోవచ్చు, తప్పక తోలానని. తీర్మానం ఉండీ తోలితే అది జన్మలో నా మొహం చూడదు."

తిట్టడానికని తెచ్చుకున్న మాటలన్నీ కండక్టరమ్మ నోట్లోనే చచ్చిపోయాయి. ఆవిడ పక్కన కూర్చుంది. చిన్నప్పుడు దెబ్బలు తిని వచ్చినప్పుడు కూడా వీడు ఇలాగే కూర్చునేవాడు, అడిగేదాకా చెప్పేవాడు కాదు.

"రేపు ఒంట్లో బాగాలేదని పడుకో."

"డాక్టర్ని పంపుతారు. ఆ డాక్టర్నే."

"ఇంకెవరి చేతనైనా తోలించమను."

"మొదటి బండి నేనే తేవాలట. మడతలక్క మొగుడే వచ్చాడంటే మిగతా ఆడవాళ్ళు చల్లబడిపోతారని ఆయన లెక్క."

ఆవిడకి అన్ని వైపులా గోడే తగిలింది. నిజం బయటపెడితే తమ్ముడి కూడు పోతుంది. బయటపెట్టకపోతే, ఒక వైపు చూపు లేని మనిషి రేపు పొద్దున ఆడవాళ్ళ గుంపులోకి బండి తిప్పుతాడు. సమాఖ్య కార్యదర్శిగా ఆవిడ ఇప్పటిదాకా ఎన్ని తగవులు తీర్చిందో, అందులో ఒక్కటీ ఇప్పుడు పనికిరాలేదు.

"దానికి చెప్పేస్తాను," అంది చివరికి.

"వద్దక్కా. నా మీద ఒట్టు. దానికి తెలిస్తే ఊరుకోదు, గేటు దగ్గర అందరి ముందూ యజమానిని కడిగేస్తుంది. ఆ క్షణమే నా పని అయిపోతుంది." ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "నెమ్మదిగా వస్తాను. అంగుళం అంగుళం. మనుషుల్ని కుడి పక్కన ఉంచు, చాలు. ఆ పక్క నాకు శుభ్రంగా కనబడుతుంది."

ఆవిడ ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. కానీ వేరే ఏ దారి ఉందో ఎవరైనా చెబితే ఆ పూట వాళ్ళ కాళ్ళు మొక్కి ఉండేది.

తెల్లవారకముందే ఆవిడ లాండ్రీ గేటు దగ్గరుంది. రాత్రంతా కన్ను మూయని మనిషి, జుట్టు కూడా సరిగ్గా ముడి వేసుకోలేదు. ఒక్కొక్కరూ వస్తుంటే చెయ్యి పట్టుకుని మరీ గేటుకి కుడి పక్కన కూర్చోబెట్టింది. ఆ పక్క తడిగా ఉందని ఒకామె సణిగితే, తన శాలువా మడిచి కింద వేసింది. కాలిన చేతికి తెల్లటి కట్టుతో ఆ పిల్ల కూడా వచ్చింది. బేకరీ వాళ్ళు పిండి మొహాలతో వచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక రోడ్డుకి అవతలే ఆగిపోయారు. తీర్మానం లేదు గనక గేటు దాకా వచ్చే హక్కు వాళ్ళకి లేదు. మాస్టారు కూడా అక్కడే నిలబడి, కళ్ళద్దాలు తీస్తూ పెడుతూ ఉన్నాడు.

అందరికన్నా ఆఖరున మడతలక్క వచ్చింది. రాత్రి మొగుడితో మాట్లాడలేదని మొహమే చెబుతోంది. కూర్చున్నవాళ్ళని ఒకసారి చూసింది, వదినని దాటుకుని నేరుగా ఎడమ పక్క స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అక్కడొద్దు. ఇటు రా," అంది కండక్టరమ్మ.

"బండి తిరిగేది ఇటే కదా వదినా."

"అందుకే రమ్మంటున్నాను. అందరూ ఇక్కడుంటే నువ్వొక్కదానివీ అక్కడెందుకు?"

"గుంపులో కలిసిపోతే నేను కనబడను." మడతలక్క కొంగు బిగించి నడుముకి దోపుకుంది. "తీర్మానం లేకపోతే లేకపోయింది. వ్యాను తోలేది నా మొగుడు. మలుపు తిరగ్గానే ఎదురుగా నేనే ఉండాలి. నన్ను చూశాక కూడా పోనిస్తాడేమో చూస్తాను."

"నా మాట విను తల్లీ."

"నిన్న విన్నాను కదా వదినా."

కండక్టరమ్మ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. మడతలక్క విదిలించుకుంది. చెప్పెయ్యాలి, ఒట్టు పోతే పోయిందని ఆవిడ నోరు తెరిచేసరికి, గేటు లోపల యజమాని మేనేజర్ని వెంటబెట్టుకుని మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాడు. ఇక్కడ ఏ మాట అన్నా అక్కడ వినబడుతుంది. ఆవిడ తెరిచిన నోరు మళ్ళీ మూసుకుంది. అదే సమయానికి రోడ్డు చివర వ్యాను లైట్లు కనబడ్డాయి.

అన్న మాట ప్రకారమే అతను నెమ్మదిగా వచ్చాడు. మలుపు దగ్గర బండి దాదాపు ఆగినంత పని చేసింది. కండక్టరమ్మకి కేబిన్‌లో తమ్ముడి మొహం స్పష్టంగా కనబడింది. కుడి పక్కన కూర్చున్న ఆడవాళ్ళని ఒక్కొక్కరినీ చూసుకుంటూ వస్తున్నాడు. వాళ్ళలో భార్య కోసం వెతుకుతున్నాడు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు, మళ్ళీ ఒకసారి చూశాడు.

ఎడమ స్తంభం దగ్గర మడతలక్క రెండడుగులు ముందుకు వేసి, బండి ఎడమ మూలకి అడ్డంగా చెయ్యి చాపి నిలబడింది.

మనుషులంతా కుడి పక్కనే ఉంటారన్న నమ్మకంతో అతను అటు తల తిప్పలేదు. తన భార్య ఈ పొద్దున ఇక్కడికి రాలేదనుకున్నాడు. నిన్నటి నుంచి బిగుసుకుపోయి ఉన్న ఆ మొహం, కండక్టరమ్మ చూస్తుండగానే తేలికపడింది. గేటులోకి స్టీరింగు తిప్పి, వేగం పెంచాడు.